బిగింపు పోకర్ ప్రాజెక్టు డైరీ: రొక్కం లేని బల్ల మీద లెక్క

ఆరు కుర్చీల నో-లిమిట్ హోల్డెమ్ (ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు ఉండే, ఎంతైనా పెట్టగల పోకర్) బల్లను పైథాన్‌లో రాసి, దాని మీద బిగింపు ఆటను పరీక్షించిన డైరీ ఇది. బిగింపు ఆటంటే మంచి ముక్కలు వచ్చేదాకా పడేస్తూ ఉండటం, వచ్చాక గట్టిగా పెట్టడం. చిన్న పందేల ఆన్‌లైన్ బల్లల మీద ఇది గెలుస్తుందని చాలామంది చెబుతారు. ఆ గెలుపు ఎవరి జేబులోంచి వస్తుందో, ఎక్కడ కారిపోతుందో అంకెల్లో చూడటమే ఇక్కడి పని. ఇదే పని మళ్ళీ చేయాలనుకునేవాళ్ళకి ఎక్కడెక్కడ లెక్క తప్పుతుందో ముందే తెలియాలని వివరంగా రాస్తున్నాను.

డబ్బు సంగతి ముందే చెప్పాలి. విశాఖలో కూర్చుని ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి పోకర్ ఆడటం కుదరదు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి మన రాష్ట్రం ఆన్‌లైన్ పందేలను ఆపేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. 1968లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యపు ఆట అంది, అదీ ఆంధ్రప్రదేశ్ కేసులోనే. ఆ తీర్పు చూపించి పోకర్ యాప్‌లో డబ్బు వెయ్యమనే వాళ్ళని నమ్మకండి. ఈ డైరీలో చిప్పులన్నీ ల్యాప్‌టాప్‌లోని అంకెలు. చివరి దశలో చింతపిక్కలు.

పనిముట్లు: 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, పైథాన్, ప్రతి పంపకాన్నీ దాచడానికి ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్, పట్టికలకు లిబ్రేఆఫీస్ కాల్క్. అన్నీ ఉచితం.

దశ 1: ఏ చెయ్యి పెద్దదో చెప్పే కోడు

మిగతా ప్రాజెక్టంతా దీని మీదే నిలబడుతుంది. ఇక్కడ చిన్న తప్పున్నా పై అంకెలన్నీ వంకరపోతాయి, అదీ పైకి కనపడకుండా. అందుకే నాలుగైదు చేతులు ఇచ్చి చూసి వదిలేయకుండా, 52 ముక్కల్లోంచి వచ్చే ఐదు ముక్కల చేతులన్నిటినీ నడిపించాను. మొత్తం 25,98,960. ఏ రకం ఎన్ని రావాలో కాగితం మీదే లెక్కగట్టవచ్చు కాబట్టి సరిచూసుకోవడం తేలిక.

రావాల్సినవి:

1. స్ట్రెయిట్ ఫ్లష్ (ఒకే గుర్తులో వరుసగా ఐదు, 10 నుంచి ఆసు దాకా ఉండే రాయల్ కలిపి): 40
2. నాలుగు ఒకటే: 624
3. ఫుల్ హౌస్ (మూడు ఒకటే, ఒక జత): 3,744
4. ఫ్లష్ (ఐదూ ఒకే గుర్తు): 5,108
5. స్ట్రెయిట్ (వరుసగా ఐదు): 10,200
6. మూడు ఒకటే: 54,912
7. రెండు జతలు: 1,23,552
8. ఒక జత: 10,98,240
9. ఏదీ కానిది: 13,02,540

మొదటిసారి నడిపితే స్ట్రెయిట్ ఫ్లష్‌లు 36, ఫ్లష్‌లు 5,112, స్ట్రెయిట్లు 9,180, ఏదీ కానివి 13,03,560 వచ్చాయి. మిగతా ఐదు సరిగ్గానే ఉన్నాయి. స్ట్రెయిట్లలో తగ్గింది 1,020. ఒక్కో స్ట్రెయిట్ వరుసకు గుర్తులు మార్చి 1,024 చేతులు వస్తాయి, అందులో 4 స్ట్రెయిట్ ఫ్లష్‌లు పోతే మిగిలేది 1,020. అంటే సరిగ్గా ఒక వరుస మొత్తం తప్పిపోయింది. అది ఆసు-2-3-4-5. కోడు ఆసును 14గానే చూస్తోంది, 1గా చూడటం లేదు. మన రమ్మీలో ఆసు రెండు వైపులా పనికొస్తుందని పిల్లలకి కూడా తెలుసు, యంత్రానికి విడిగా చెప్పాలి. ఒక షరతు కలిపాక తొమ్మిది అంకెలూ కలిశాయి.

ఆ తర్వాత ఏడు ముక్కల్లోంచి మంచి ఐదు ఏరే భాగం. దీనికి పరీక్షగా ఆసుల జతను యాదృచ్ఛికమైన చేతుల మీదకి వదిలాను. ఒక్కడే ఎదురుంటే గెలుపు 85%, ఐదుగురు ఎదురుంటే 49% దగ్గర నిలబడాలి. నిలబడింది.

ఇంతవరకు లెక్క: చేతి రకాల పరీక్షలు 9కి 9, ఆసుల పరీక్షలు 2కి 2.

దశ 2: ముక్కలు కలపడం

పైథాన్‌లో ఉన్న షఫుల్‌నే వాడండి, సొంతంగా రాయకండి. "ప్రతి ముక్కనూ 52లో ఏదో ఒక చోటుతో మార్చు" అనే కోడు చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది, కానీ సమానంగా కలపదు. మూడు ముక్కలతో వేసి చూస్తే తెలుస్తుంది: దారులు 27, వరుసలు 6. 27ను 6తో భాగిస్తే మిగులుతుంది కాబట్టి కొన్ని వరుసలకు 27లో 5 సార్లు, కొన్నిటికి 4 సార్లు వాటా పడుతుంది.

1999లో ఒక ఆన్‌లైన్ పోకర్ సాఫ్ట్‌వేర్ కలపడంలోనే దొరికిపోయింది. అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో దాన్నిబట్టి అది ముక్కలు కలిపేది. రోజుకు మిల్లీసెకన్లు 8,64,00,000 మాత్రమే. తమ చేతిలో రెండు, ఫ్లాప్ మీద (బల్ల మీద మొదట తెరిచేవి) మూడు ముక్కలు చూసి మిగతా పేకంతా కనిపెట్టవచ్చని పరిశోధకులు చేసి చూపించారు.

దశ 3: బ్లైండ్లు, రేక్

బ్లైండ్లంటే ముక్కలు చూడకముందే వంతులవారీగా ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు. స్మాల్ బ్లైండ్ సగం, బిగ్ బ్లైండ్ ఒకటి. ఇక నుంచి అన్ని అంకెలూ బిగ్ బ్లైండ్లలోనే రాస్తాను.

బల్లను పరీక్షించడానికి వాడిన మొదటి బాట్ (మనిషి బదులు ఆడే ప్రోగ్రాం) అసలు ఆడదు, ప్రతి పంపకంలోనూ ముక్కలు పడేస్తుంది. మిగతా ఐదుగురిలో ఎవరో ఒకరు ఎప్పుడూ ఆటలో ఉండేలా పెడితే, దీని నష్టం నికరంగా చెప్పేయవచ్చు. ఆరు పంపకాలకు ఒకటిన్నర, వంద పంపకాలకు 25, 600 పంపకాలకు 150.

నడిపితే 180 పోయింది. 180 అంటే 600 పంపకాలకు ఐదు కుర్చీల బల్ల లెక్క: 1.5ను 5తో భాగించి 600తో హెచ్చవేస్తే సరిగ్గా అంతే. కుర్చీలు తిప్పే లూప్ 1 నుంచి మొదలైంది, పైథాన్‌లో మొదటి కుర్చీ 0. ఆ కుర్చీకి ముక్కలు పంచడమే లేదు. అంకె చూడగానే కారణం దొరికింది. అందుకే జవాబు ముందే తెలిసిన ఇలాంటి బాట్‌ను మొదట నడపమంటాను.

రేక్ అంటే పాట్‌లోంచి, అంటే మధ్యలో పోగైన పందెం మొత్తంలోంచి, బల్ల నడిపేవాడు తీసుకునే వాటా. దాని తప్పు ఇంకా లోతుగా దాక్కుంది. నిబంధన: ఫ్లాప్ పడితేనే రేక్, పాట్‌లో 5%, గరిష్ఠం 3. చిప్పులన్నీ కలిపి రేక్ కూడితే మొదటి మొత్తం వస్తుందా అని ప్రతి పంపకానికీ సరిచూసే తనిఖీ ఉంది. అది ఒక్కసారి కూడా తప్పు పట్టలేదు. అయినా ఎక్కువగా పందెం పెట్టే బాట్‌లు ఉండాల్సినదానికన్నా వేగంగా కరిగిపోతున్నాయి. గరిష్ఠ పరిమితి తీసేసి ఒక్క పంపకాన్ని విడిగా తెరిచాను. ఒకడు 100 పెట్టాడు, రెండోవాడి దగ్గర 40 మాత్రమే ఉంది, అదంతా పెట్టి కాల్ చేశాడు (పందేన్ని ఒప్పుకున్నాడు). నిజానికి పోటీలో ఉన్నది 80, పైన ఉన్న 60 తిరిగి వచ్చేయాలి. రేక్ 4 రావాలి. నా కోడు ముందు రేక్ కోసి తర్వాత 60 వెనక్కిచ్చింది. 140 మీద 7 తీసుకుంది.

చిప్పుల మొత్తం సరిపోతూనే ఉంది, ఎందుకంటే అదనపు 3 రేక్ ఖాతాలో చేరింది. పాట్‌లో 10 ఉన్నప్పుడు 10 పెట్టి అందరినీ పంపేసినా ఇదే జరుగుతోంది: అర తీయాల్సిన చోట ఒకటి. అంటే తప్పు అందరికీ సమానంగా పడటం లేదు, గట్టిగా పెట్టేవాడి మీదే పడుతోంది. బిగింపు ఆట పరీక్షలో ఇంతకన్నా చెడ్డ తప్పు ఉండదు.

మార్చిన వరుస:

1. కాల్ కాని మొత్తాన్ని ముందు వెనక్కివ్వాలి.
2. సైడ్ పాట్‌లు (చిప్పులు తక్కువున్నవాడికి వాటా లేని, మిగతావాళ్ళ మధ్య పాట్‌లు) విడదీయాలి.
3. ఫ్లాప్ పడిందో లేదో చూడాలి.
4. అప్పుడు రేక్.

రేక్ గురించి ఇంకో మాట. పాట్ 20 అయితే 1 పోతుంది, అంటే పూర్తి 5%. పాట్ 200 అయితే గరిష్ఠం 3 కాబట్టి 1.5% మాత్రమే. ఫ్లాప్‌కి ముందే అందరూ పడేస్తే అసలు లేదు. కొన్ని పాట్‌లే, అవీ పెద్దవి ఆడేవాడి మీద రేక్ బరువు తక్కువ. బిగింపు ఆటకి ఉన్న గట్టి లాభం ఇదే అనిపిస్తుంది నాకు.

దశ 4: ఏ ముక్కలతో దిగాలి

రెండు ముక్కల కలయికలు 1,326. ఒక్కో జతకు 6, ఒకే గుర్తు ఉన్న ఒక్కో రకానికి 4, వేర్వేరు గుర్తులకు 12.

మొదట అతి బిగింపు బాట్: ఆసుల జత, రాజుల జత మాత్రమే. మొత్తం 12 కలయికలు, అంటే 0.9%. సుమారు 110 పంపకాలకు ఒకసారి దిగుతుంది. ఈలోగా వంద పంపకాలకు 25 బ్లైండ్లలో పోతాయి. 25ను 0.905తో భాగిస్తే, దిగిన ప్రతిసారీ సగటున 27.6 గెలిస్తేనే పెట్టింది వెనక్కి వస్తుంది. అంత ఎవరు చెల్లిస్తారు?

అక్కడి నుంచి కుర్చీని బట్టి జాబితా మార్చాను.

మొదటి రెండు కుర్చీలు: 7ల జత నుంచి పైకి (48), ఒకే గుర్తు ఆసుతో జాకీ, రాణి, రాజు (12), ఒకే గుర్తు రాజు-రాణి (4), వేర్వేరు గుర్తుల ఆసు-రాణి, ఆసు-రాజు (24). మొత్తం 88, అంటే 6.6%.

బటన్‌కి (పంచేవాడి స్థానం, ఫ్లాప్ తర్వాత చివరగా ఆడే కుర్చీ) ముందు కుర్చీ, స్మాల్ బ్లైండ్: 5ల జత నుంచి పైకి (60), ఒకే గుర్తు ఆసుతో 10 నుంచి రాజు దాకా (16), ఒకే గుర్తు రాజు-జాకీ, రాజు-రాణి (8), ఒకే గుర్తు రాణి-జాకీ, జాకీ-10 (8), వేర్వేరు గుర్తుల ఆసుతో జాకీ నుంచి రాజు దాకా (36), రాజు-రాణి (12). మొత్తం 140, అంటే 10.6%.

బటన్: అన్ని జతలు, ఒకే గుర్తున్న ఆసులన్నీ, రాజు, రాణి, జాకీలతో 9 నుంచి పైకి ఒకే గుర్తు ముక్కలు, 7-6 నుంచి 10-9 దాకా ఒకే గుర్తు వరుసలు, వేర్వేరు గుర్తులైతే రెండూ 10 కన్నా తగ్గనివి. మొత్తం 298, అంటే 22.5%.

బిగ్ బ్లైండ్‌ను సున్నాగా లెక్కేస్తే ఆరు కుర్చీల సగటు 9.5%.

ఇంతవరకు లెక్క, బ్లైండ్ల నష్టం పూడ్చడానికి దిగిన ప్రతిసారీ సగటున గెలవాల్సింది:

- ఆసులు, రాజులు మాత్రమే: 27.6
- అన్ని కుర్చీల్లోనూ 88 జాబితా: 3.8
- కుర్చీని బట్టి జాబితా: 2.6

పెంచే మొత్తం మీద ఒక పాత సలహాను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. "ఆసులొస్తే గట్టిగా పెంచు, లేకపోతే ఐదుగురొచ్చి విరగ్గొడతారు" అంటారు. గెలుపు శాతం 85 నుంచి 49కి పడే మాట నిజమే. కానీ అందరూ ఉన్నదంతా పెట్టేస్తే, ఒక్కడే వచ్చినప్పుడు పెట్టిన ప్రతి 1కి 1.7 తిరిగొస్తుంది, ఐదుగురొస్తే 2.9 తిరిగొస్తుంది. గట్టిగా పెంచాల్సింది మనుషుల్ని తరిమేయడానికి కాదు, మన ముక్కలు ముందున్నప్పుడే ఎక్కువ చిప్పులు లోపలికి రప్పించడానికి. నిబంధన: 3కి పెంచు, ముందు ఎవరైనా ఊరికే కాల్ చేసి ఉంటే తలకి 1 కలుపు.

దశ 5: ఫ్లాప్ తర్వాత

ఎక్కువ సమయం ఇక్కడే పోయింది.

చిన్న జతలు. 5ల జతతో 3 కాల్ చేసి ఫ్లాప్ చూస్తే మూడో 5 వచ్చే అవకాశం 11.8%, ఎనిమిదిన్నరకి ఒకసారి. రానప్పుడు పడేస్తామనుకుంటే, వచ్చినప్పుడు 22.5 గెలవాలి. అవతలివాడు పెంచిన 3, బ్లైండ్లు 1.5 అప్పటికే పాట్‌లో ఉన్నాయి కాబట్టి ఆ తర్వాత ఇంకా 18 రాబట్టాలి. అవతలివాడి దగ్గర మొదట 20 మాత్రమే ఉంటే 3 పోగా మిగిలింది 17. ప్రతిసారీ మొత్తం ఊడ్చేసినా చాలదు. బాట్ ఈ తేడా చూడకుండా ప్రతి జతతోనూ కాల్ చేస్తుంటే చిన్న జతల ఖాతా ఎర్రగానే ఉండిపోయింది. మార్పు: ఇద్దరి దగ్గరా 60కి తగ్గకుండా ఉంటేనే కాల్, లేకపోతే పడేయడం.

బెదిరింపు పందేలు. ఎదుటి బాట్‌లకు ఒక అలవాటు పెట్టాను: సగం పాట్ పందానికి నూటికి 20 సార్లే పడేస్తాయి. చిన్న పందేల బల్లల మీద కాల్ వ్యసనం ఉన్నవాళ్ళకి నమూనా ఇది. పాట్‌లో 10 ఉన్నప్పుడు ఏమీ లేకుండా 5 పెడితే: 0.2 × 10 నుంచి 0.8 × 5 తీసేస్తే −2. ప్రతి బెదిరింపుకీ రెండు పోతాయి. వాళ్ళు మూడింట ఒక వంతన్నా పడేస్తేనే అది సమానం అవుతుంది. అదే 5ను, కాల్ చేసినప్పుడు నూటికి 65 సార్లు గెలిచే చేతితో పెడితే: 0.8 × (0.65 × 5 − 0.35 × 5) = +1.2. కాబట్టి ఈ బల్ల మీద బెదిరింపులు పూర్తిగా తీసేశాను, ఓ మాదిరి చేతులతో కూడా చివరి ముక్క మీద పందెం పెట్టించాను.

ఫ్లష్ కోసం ఆగడం. టర్న్ (బల్ల మీద నాలుగో ముక్క) మీద నాలుగు ఒకే గుర్తు ఉంటే చివరి ముక్కకు 46లో 9, అంటే 19.6%. సగం పాట్ పందానికి 25% కావాలి. బిగింపు నిబంధన ప్రకారం పడేయాలి, మొదట అలాగే పెట్టాను. తర్వాత లెక్క తిరగేశాను: పాట్ 10, అవతలివాడు 5 పెట్టాడు, మనం 5 కాల్. ఫ్లష్ పడ్డాక సగటున ఇంకో 5.6 రాబట్టగలిగితే సమానం. నూటికి 80 సార్లు కాల్ చేసేవాడి దగ్గర అది కష్టం కాదు. అలాంటివాళ్ళ మీద కాల్, మిగతావాళ్ళ మీద పడేయడం అని మార్చాను. రమ్మీలో మొదటే డ్రాప్ అయితే 20, ఆగి ఓడితే 80 అని లెక్క చూసుకుని దిగుతాం కదా, ఇదీ అలాంటి లెక్కే. పిరికితనాన్ని బిగింపు అనుకోకూడదు.

దశ 6: ఇది గెలుపా, గాలివాటమా?

ఆరుగురి నో-లిమిట్ బల్ల మీద వంద పంపకాలకు ఫలితం సగటుకు అటూ ఇటూ 80 నుంచి 100 దాకా ఊగడం (ప్రామాణిక విచలనం) మామూలు. 90 అనుకుంటే, వంద పంపకాల సగటులో ఉండే అనిశ్చితి:

- 10,000 పంపకాలకు: ±9
- 1,00,000 పంపకాలకు: ±2.85
- 10,00,000 పంపకాలకు: ±0.9

నమ్మకంగా చెప్పాలంటే దీనికి రెట్టింపు దూరం ఉండాలి. మంచి ఆటగాడు వందకి 5 గెలుస్తున్నా, 10,000 పంపకాల తర్వాత ఎరుపులో ఉండే అవకాశం తక్కువేమీ కాదు. గంటకు 70 పంపకాల చొప్పున లక్ష ఆడాలంటే 1,400 గంటలు దాటుతుంది. "నెల రోజులుగా గెలుస్తున్నాను" అనే మాటకి విలువెంతో దీన్నిబట్టి చూసుకోండి.

ఊగిసలాట తగ్గించడానికి చేసినవి:

1. ఒకే పేకను ఆరుసార్లు నడిపి, బాట్‌ను ఆరు కుర్చీల్లోనూ కూర్చోబెట్టడం. ఆసులు ఎవరికి వచ్చాయన్న అదృష్టం చాలావరకు కొట్టుకుపోతుంది. 2007లో పొలారిస్ అనే పోకర్ ప్రోగ్రాం ఇద్దరు నిపుణులతో ఆడినప్పుడు కూడా ఒకే ముక్కల్ని అటూ ఇటూ మార్చి పంచారు.
2. రెండు నిబంధనల్ని పోల్చేటప్పుడు రెండింటికీ అవే పేకలు.
3. ప్రతి పంపకం తర్వాత అందరినీ మళ్ళీ 100కి తేవడం.

ఇలా 10,00,000 పంపకాలు నడిపాక, కాల్ వ్యసనపరుల బల్ల మీద కుర్చీ జాబితా రేక్ పోయాక కూడా అనిశ్చితి దాటి లాభంలో నిలిచింది. అతి బిగింపు బాట్ నష్టంలోనే ఉంది.

తర్వాత ఒక్క అంకె మార్చాను: ఎదుటివాళ్ళు పడేసే శాతం 20 నుంచి 45కి. జాబితా అదే, పేకలు అవే. లాభం పోయింది. తీసేసిన బెదిరింపు ఇప్పుడు +1.75 ఇస్తుంది (0.45 × 10 − 0.55 × 5), బాట్ దాన్ని వాడటం లేదు. పడేయడం మనల్ని పెద్ద నష్టం నుంచి కాపాడుతుంది, అంతే. గెలుపు వచ్చేది మాత్రం అవతలివాళ్ళు చేసే అనవసరపు కాల్‌లలోంచి.

దశ 7: చింతపిక్కల బల్ల

మనుషుల మీద చూడాలని మర్రిపాలెంలో అత్తయ్యగారింట్లో ఆదివారం బల్ల వేశాం. ఆరుగురం. స్మాల్ బ్లైండ్ 1 పిక్క, బిగ్ బ్లైండ్ 2, మనిషికి 200. మొదట్లో 1,200 పిక్కలు లెక్కపెట్టలేక ఆట ఆగిపోయేది. బీచ్ రోడ్డులో గవ్వలు కొని, గవ్వకు 10 పిక్కలని పెట్టాం: తలకి 100 పిక్కలు, 10 గవ్వలు. ఆట చివర మొత్తం 1,200 రావాలి, ప్రోగ్రాంలో ఉన్న తనిఖీయే ఇది. పిక్కలు నున్నగా జారిపోతాయి కాబట్టి పాట్‌ని మధ్యలో పళ్ళెంలో వేయడం మంచిది.

జాబితా ప్రకారం ఆడాను. కాసేపటికి మరదలి తమ్ముడు అందుకున్నాడు: "ఏటి బావా, ఇందాకట్నుంచి పడేస్తనే ఉన్నావు. ఆడ్డానికొచ్చేవా, సూడ్డానికొచ్చేవా?"

రాణుల జత వచ్చి 6 పిక్కలకి పెంచాను. అత్తయ్య తన రెండు ముక్కలూ బోర్లా పెట్టేసి, "బాబు పెట్టేడంటే ఉన్నట్టే. పడేయండర్రా" అంది. అందరూ పడేశారు. వచ్చినవి 3 పిక్కలు.

ల్యాప్‌టాప్‌లో ఈ సమస్య ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే నా బాట్‌లకు గుర్తుపెట్టుకునే గుణం లేదు. అపరిచితులు వచ్చిపోయే బల్ల మీద కూడా ఎవరూ అంతగా గమనించరు. ఎదురుగా కూర్చున్న అత్తయ్య మాత్రం రెండు గంటల్లో జాబితా పట్టేసింది. 45% బల్ల నిజంగా ఇలాగే ఉంటుంది.

మార్చినవి:

1. బటన్ మీద అందరూ పడేసి, బ్లైండ్లలో అత్తయ్య ఉంటే 298 జాబితాను ఇంకా వెడల్పు చేయడం. 6 పెట్టి 3 గెలవాలంటే మూడింట రెండుసార్లు పడేయాలి. ఆవిడ అంతకన్నా ఎక్కువే పడేస్తుంది.
2. ఏ చెయ్యయినా అదే 6. ఆసులకి ఎక్కువ, మామూలువాటికి తక్కువ పెడితే పిక్కల చప్పుడుకే తెలిసిపోతుంది.
3. కుర్రాడి మీద బెదిరింపు ఇప్పటికీ లేదు. వాడు ప్రతిదీ చూస్తానంటాడు, వాడికి ఓ మాదిరి జతతో కూడా పందెం.

ఇంతవరకు లెక్క: ప్రోగ్రాంలో పరీక్షలన్నీ పాస్, కుర్చీ జాబితాలు మూడు, మనిషిని బట్టి మారే నిబంధనలు రెండు (ఫ్లష్ కాల్, బటన్ వెడల్పు). మిగిలింది బిగ్ బ్లైండ్. ఆ కుర్చీలో ఇప్పటికీ బాట్ 88 జాబితాతోనే కాల్ చేస్తోంది. అప్పటికే 1 పెట్టి ఉంది కాబట్టి 3కి పెంచితే 2 వేస్తే చాలు, పాట్‌లో 4.5 ఉంటుంది, కావాల్సింది 31%. ఆ కాల్ జాబితాను 88 నుంచి మెట్టుమెట్టుగా పెంచుతూ, ఒక్కో మెట్టుకీ అవే 10,00,000 పంపకాలు నడుపుతున్నాను.